దిగువ చెక్క

యోర్క్, ఏటికట్ట కింద
మే 9

చెల్లి ఆల్మాకు,

పూతకు మా తోటకు తెచ్చిన మీ తేనెపెట్టెలు క్షేమంగా తిరిగి చేరాయా? మీ ఆయన హార్మ్ బండి తోలుతూ కునికిపాట్లు పడతాడేమోనని మూడు రోజులుగా ఒకటే దిగులు. నీ దగ్గు తగ్గిందా? ఈనిన గొర్రెల్ని ఇసుక గాలిలోకి అప్పుడే తోలకండి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ నడవలో ఉంది, నేను నోరు తెరిస్తే ఇల్లంతా వింటుంది. నాలుగో తరగతి చేతిరాత, ఓపిక చేసుకుని చదువుకో.

హార్మ్ చెప్పే ఉంటాడు. పూత నిండుగా ఉన్నప్పుడు గడ్డమంచు పడింది. ఎప్పట్లాగే చెట్ల మీద స్ప్రింక్లర్లు తిప్పారు. పువ్వు చుట్టూ నీళ్ళు గడ్డకట్టి గాజులా కప్పుకుంటే లోపల పువ్వు బతుకుతుంది. ఎండ ముదిరి ఆ గాజు దానంతటది కరిగి జారేదాకా నీళ్ళు ఆగకూడదు. ఆగితే పువ్వులో ఉన్న వేడిని కూడా ఆ మంచే లాగేస్తుంది. దిగువ చెక్కలో, అదే పల్లపు ఆపిల్ తోటలో మాత్రం, పొద్దు పొడిచాక పంపు ఆగిపోయింది. అరగంట. మర్నాడు పువ్వు చీల్చి చూస్తే లోపల నల్లగా ఉంది. చెక్క మొత్తం అంతే.

ఆ పూట పంపు దగ్గర ఉండాల్సింది టొన్నీస్. మా తోటలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి, ఆ చెక్కలో ప్రతి చెట్టుకీ తన చేత్తో అంటుకట్టిన మనిషి. మా అబ్బాయి డీడ్రిక్ వచ్చి పంపు ఎవరు ఆపారని అడిగితే, “చూసుకోవాల్సింది నేనే,” అన్నాడు. ఇంకేమీ అనలేదు. మా వాడి కోపం నీకు తెలుసు, పోయిన వాళ్ళ నాన్నదే, పొమ్మన్నాడు. శనివారానికి టొన్నీస్ గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలు లేరు, ఎక్కడికి పోతాడు? ఏదో ఒక చోటు చూడవే. తమ్ముడు హాయోకి ఆవుల దగ్గర మనిషి కావాలన్నాడుగా. నేను అడిగానని మాత్రం డీడ్రిక్‌కు తెలియనివ్వకు.

ఇంకో మాట. అమ్మ నీలం కాఫీ క్యాన్ కనబడటం లేదు. ఈమధ్య ఏది ఎక్కడ పెడుతున్నానో నాకే తెలియడం లేదు.

నీ అక్క
గేషె


విల్‌సెడె, హైడె
మే 17

అక్కా,

హార్మ్ కునుకు తియ్యలేదు. పెట్టెలు వచ్చాయి, వాటిలో ఈగలూ వచ్చాయి. దగ్గు పోయింది. మా గొర్రెలకు నేల దాకా ఉన్ని వేలాడుతుంటుంది, వాటికి చలి వేస్తుందేమోనని దిగులుపడేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే.

టొన్నీస్ సంగతి నాకు కొరుకుడు పడటం లేదు. మంచు పడ్డ రోజు ఒంటికి వెళ్ళడానికి కూడా పంపు వదలడని మీ ఆయనే చెప్పి నవ్వేవాడు. అలాంటివాడు పొద్దు పొడవగానే ఆపేశాడా? వయసు మీద పడిందేమోలే. నాకూ నిన్న పొయ్యి మీద పెట్టిన గుడ్లు గంట తర్వాత గుర్తొచ్చాయి.

హాయోకి రాశాను. రమ్మన్నాడు. పాలు పితకడం రాకపోయినా నేర్పుతాడట. నువ్వు ఇక నిద్రపో.

ఆల్మా


యోర్క్
జూన్ 8

ఆల్మా,

హాయో ఉత్తరం రాశాడు, నీకూ రాశాడా? “మంచోడే అక్కా, కానీ ఆవును చెట్టు అనుకుంటాడు,” అని. పొదుగు దగ్గర కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఎంతసేపైనా అలా ఉండిపోతాడట, కాపు వచ్చేదాకా ఆగినట్టు. ఒక ఆవు తన్నితే మోకాలు వాచింది. ఎముక విరగలేదు కదా? హాయో ఆ మాట రాయలేదు, విరిగితేనే రాయకుండా దాస్తారు. పైగా హాయో ఉన్న ఆ ఫ్రీస్లాండ్‌లో పొద్దస్తమానం టీయే, కాఫీ చుక్క దొరకదు. టొన్నీస్‌కు పొద్దున్నే కాఫీ పడకపోతే చేతులు వణుకుతాయి. ఆ సంగతి మీ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెల్ల ఆస్పరాగస్ కోతకి వెళ్ళాడట, ఈ నెలాఖరున వచ్చే సెయింట్ జాన్ పండగ దాకా పని ఉంటుందని. వంగి వంగి మట్టి కింద నుంచే కోసెయ్యాలి, మొక్క వెలుతురు చూడకముందే. చెట్టుకు నిచ్చెన వేసుకుని బతికినవాడు నేల తవ్వుకుంటూ ఎలా ఉంటాడు? నడుం పట్టేస్తుంది. ఒక ఉన్ని పట్టీ అల్లుతున్నాను, ఎవరు పంపారో చెప్పకుండా అతనికి అందేలా చూడు.

మా చెర్రీలు ఎర్రబారాయి. గోరింక గుంపులు వచ్చాయి, వాటిని తోలడానికి డీడ్రిక్ రేకు డప్పు పెట్టించాడు, నా గుండె దానితో పాటే కొట్టుకుంటోంది. దిగువ చెక్క వైపు కిటికీ తెర నేనే వేసేశాను.

గేషె


విల్‌సెడె
జూలై 20

అక్కా,

నీ టొన్నీస్ ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాడు. కథ విను.

సెయింట్ జాన్ పండగతో ఆస్పరాగస్ అయిపోయింది. తర్వాత మా అల్లుడు క్లెమెన్స్ తన కోళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. కిటికీ లేని కొట్టం, వేల కోళ్ళు, లైటు వేస్తే పగలు, తీస్తే రాత్రి. తొమ్మిదో రోజున టొన్నీస్ టోపీ తీసి, “ఇక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందో నాకు తెలియడం లేదండీ,” అని చెప్పి సంచీ సర్దుకున్నాడట. క్లెమెన్స్‌కు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. నాకు ఫోన్ చేసి, “అత్తయ్యా, ఆ మనిషిని ఏదైనా ఆరుబయట పెట్టండి,” అన్నాడు.

ఈ నీడర్‌సాక్సెన్ రాష్ట్రంలో పండనిది లేదు, మెయ్యనిది లేదు. సముద్రం పక్కన ఆవులు, పడమటి వైపు పందులూ కోళ్ళూ, దక్షిణాన చక్కెరదుంప, మా ఇసుకలో గొర్రెలూ బంగాళాదుంపలూ. నాన్న కూలి మనిషి కాబట్టి మనల్ని తలా ఒక నేల మీదికి విసిరేశాడు, మనం ఎక్కడ పడితే అక్కడ వేళ్ళూనుకున్నాం. చిన్నప్పుడు విసిరాడు కాబట్టి సరిపోయింది. ఇన్నిటి మధ్య ఆ మనిషి చేతికి తెలిసింది ఒక్క ఆపిల్ చెట్టు. యాభై ఎనిమిదో ఏట పీకి ఇంకో నేలలో పెడితే ఏమవుతాడో నువ్వే చెప్పు.

మా దగ్గర గొర్రెల వెంట పోతున్నాడు. నిజానికి అవే అతన్ని తీసుకెళ్ళి తీసుకొస్తున్నాయి. పరవాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అతని గదిలో పక్కలు మార్చడానికి వెళ్ళాను. అటక మీద గుడ్డలో చుట్టి నీలం కాఫీ క్యాన్ ఉంది. మూత అంచున పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు ఊడగొట్టింది నేనే, అమ్మ కొట్టిన దెబ్బ కూడా గుర్తుంది. ఇది నీ దగ్గరికి ఎలా వచ్చిందని అడిగితే, ఈల వేసుకుంటూ బయటికి పోయాడు. అతను దొంగ కాడు. ముప్పై ఏళ్ళు మీ ఇంట్లో చెంచా కూడా పోలేదు.

అక్కా, ఆ పొద్దున నువ్వెక్కడున్నావు?

ఆల్మా


యోర్క్
ఆగస్టు 2

ఆల్మా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. రెండు రోజులు ఉరుములు, నా కాలు నొప్పి. చెర్రీ జామ్ ఆరు సీసాలు పంపుతున్నాను, గడ్డిలో చుట్టాను, పగలకుండా చూసి విప్పు. నడుం పట్టీ కూడా అందులోనే ఉంది.

గేషె


విల్‌సెడె
సెప్టెంబరు 5

అక్కా,

క్యాన్ సంగతి అడిగితే జామ్ పంపావు. జామ్ బాగుంది.

మా హైడె బయలంతా పొదలు ఊదారంగు పూశాయి, తేనెపెట్టెలు పూలలోకి మార్చాం. చూడటానికి బస్సుల్లో జనం వచ్చి మా గొర్రెలకు బిస్కట్లు పెడుతున్నారు. టొన్నీస్‌ను గొర్రెల కాపరి అనుకుని ఫొటోలు తీస్తున్నారు, అతను టోపీ ముఖం మీదికి లాక్కుంటాడు.

మా పల్లంలో ఏ నెలలోనైనా మంచు పడుతుందని నీకు తెలుసు. మొన్న పొద్దున్నే బంగాళాదుంప ఆకు మీద తెల్లగా పడింది. నేను లేచేసరికి టొన్నీస్ చేలో నిలబడి ఆకులు ఒక్కొక్కటే తడుముతున్నాడు. హార్మ్ వెళ్తే, “నీళ్ళెక్కడ, నీళ్ళు పెట్టరా?” అని అడిగాడట. దుంపలు నేల లోపల ఉన్నాయి, ఆకు మాడితే మాడనీ అని హార్మ్ చెప్పాడు. చెప్పినా రాలేదు. ఎండ బాగా ఎక్కి ఆకు మీద తడి ఆరేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత వచ్చి కాఫీ తాగాడు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి, నువ్వు చెప్పినట్టు.

ఎవరు చేశారో నాకు అర్థమైంది. డీడ్రిక్‌కు నేను రాయను. అది నా పని కాదు.

ఆల్మా


యోర్క్
అక్టోబరు 3

ఆల్మా,

నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇది అయిదోది.

నేనే ఆపాను.

ఆ పొద్దున టొన్నీస్‌కు కాఫీ తీసుకుని పంపు కొట్టం దగ్గరికి వెళ్ళాను. అతను అక్కడ లేడు. చివరి వరసలో ఒక గొట్టం మూతి పూడుకుపోతే తీయడానికి వెళ్ళాడట, అది కూడా అతని పనే కదా. కాలవ వైపు చూశాను, నీళ్ళు అడుగంటాయి. ఇంకాస్త లాగితే పంపు బురద మింగి కాలిపోతుందేమో అనిపించింది. ఒక కొమ్మ మంచు బరువుకు విరిగి పడింది, ఆ చప్పుడుకు నా ప్రాణం పోయినట్టయింది. అప్పటికే కట్ట మీదుగా ఎండ వచ్చింది. చాలులే, ఇంకెందుకు చెట్లకు ఈ బరువు అనుకున్నాను. యాభై ఏళ్ళు ఈ తోటలో ఉన్నాను ఆల్మా, ఎండ వచ్చాక కూడా ఆపకూడదని నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణం దిగులే చేతిని లాగింది. మీట కిందికి లాగాను.

అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. కాఫీ క్యాన్ కిటికీ గట్టు మీద పెట్టి, ఒక మంచి పని చేసినట్టు ఇంటికి వచ్చేశాను.

తర్వాత డీడ్రిక్ అరుపులు వినబడి మళ్ళీ వెళ్ళాను. గట్టు మీద క్యాన్ లేదు. టొన్నీస్ కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు, ఒక పక్క ఎత్తుగా ఉంది. అతను నన్ను చూశాడు. నేను నేల వైపు చూశాను. రెండేళ్ళ కిందట నేను పళ్ళకు గాలి ఆడదేమోనని చలిగది తలుపు తీసిపెడితే పెట్టెలకు పెట్టెలు కుళ్ళాయి. ఇంకెప్పుడూ ఏ యంత్రాన్నీ తాకనని డీడ్రిక్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు గుర్తొచ్చి నోరు రాలేదు. ఒక్క నిమిషం ఆగి చెబుదాం అనుకున్నాను. ఆ నిమిషం శనివారం దాకా సాగింది, టొన్నీస్ సంచీ తీసుకుని గేటు దాటాడు, వెళ్ళొస్తానని నాకు చెప్పి మరీ వెళ్ళాడు.

క్యాన్ పోయిందని నీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. అది ఎవరి దగ్గర ఉందో తెలుసు, అయినా తెలియనట్టు ఉండాలనిపించింది.

అమ్మ పోయినప్పటి నుంచీ ఈ నెలలో మీ అందరికీ పంపే పెట్టెలో ఈసారి ప్రిన్స్ రకం ఆపిళ్ళు ఉండవు. అవి దిగువ చెక్కవి. కాపు ఒక్కటీ లేదు. చెట్లు కూడా ముసలివైపోయాయి, తీసేసి కొత్త రకం పెడతానని డీడ్రిక్ అంటున్నాడు. మంచు దెబ్బ తగలకపోతే ఇంకో పదేళ్ళు ఉంచేవాడు.

గేషె


విల్‌సెడె
అక్టోబరు 10

అక్కా,

ముందు తిడదామనుకున్నాను. తర్వాత నువ్వు చిన్నప్పుడు కోడిపిల్లలకు చలేస్తుందని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయి రెండింటిని నలిపేసిన సంగతి గుర్తొచ్చింది. అప్పుడు కూడా మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాన్న నన్ను కొట్టాడు. నేను నీ మీద చెప్పలేదు, నీకు గుర్తుందో లేదో.

ఆ చెట్లు కొట్టకముందే డీడ్రిక్‌కు చెప్పు. చెట్లు కొట్టాక చెబితే దేనికి చెబుతున్నావో వాడికి అర్థం కాదు. నీ ఉత్తరం టొన్నీస్‌కు చదివి వినిపించను. అతనికి చెప్పాల్సింది నువ్వు.

పెట్టెలో ఆపిళ్ళ చోట ఏమీ నింపకు. ఖాళీగానే పంపు.

ఆల్మా


యోర్క్
డిసెంబరు 6

ఆల్మా,

నువ్వు చెప్పినట్టు చెయ్యలేకపోయాను.

కోత ఉందని ఆగాను, కోత అయ్యాక డీడ్రిక్‌కు జలుబు చేసింది, జలుబు తగ్గాక వాడు రెండు రోజులు నవ్వుతూ తిరిగాడు, చెడగొట్టబుద్ధి కాలేదు. పోయిన సోమవారం రంపం బండి వచ్చింది. వంటింట్లో కూర్చుని ఒక్కొక్క చెట్టూ పడే చప్పుడు విన్నాను. ఇప్పుడు వెళ్ళి ఆపమనాలి అని ప్రతి చప్పుడుకీ అనుకున్నాను. మధ్యాహ్నానికి అయిపోయింది.

ఆ సాయంత్రం చెప్పాను. చేతులు టేబుల్ మీద పెట్టుకుని చెప్పాను. డీడ్రిక్ అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. “నాకు నడక నేర్పింది ఆయనే అమ్మా,” అన్నాడు. “ఆ రోజు నువ్వు నా పక్కనే నిలబడ్డావు.” అంతే. టోపీ పెట్టుకుని చలిలోకి వెళ్ళి, కొట్టేసిన చెక్కలో అటూ ఇటూ తిరిగాడు. మర్నాడు టొన్నీస్‌కు ఉత్తరం రాశాడు. నాకు చూపించలేదు. వస్తాడా? జవాబు రాశాడా? నువ్వేమైనా విన్నావా?

కొట్టేసిన చెట్ల నుంచి ఈ ఏడాది వేసిన పుల్లలు అంటుకని ఏరి పెట్టాను, పెన్సిలంత లావువి. నేలమాళిగలో తడి ఇసుకలో గుచ్చాను. ఎండిపోతాయేమోనని రోజూ చూస్తున్నాను, ఎక్కువ తడిపితే కుళ్ళుతాయేమోనని భయం. జనవరిలో తడిగుడ్డలో చుట్టి పంపుతాను. మీ ఇసుక ఆపిల్‌కు పనికిరాదని తెలుసు. అయినా అతనికి ఇవ్వు.

గేషె


విల్‌సెడె
ఫిబ్రవరి 11

అక్కా,

పుల్లలు పచ్చిగానే చేరాయి. టొన్నీస్ ఒక్కొక్కదాన్నీ గోటితో గీరి చూశాడు, ఏ చెట్టుదో కూడా చెప్పాడు, నాకు తెలియదు కాబట్టి నమ్మాను. గొర్రెల కొట్టం వెనక ఒక అడవి ఆపిల్ ఉంది కదా, చేదు కాయలు కాసేది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

డీడ్రిక్ ఉత్తరం రెండుసార్లు చదివి టోపీ లోపలి మడతలో పెట్టుకున్నాడు. ఏం రాశాడో అడగలేదు. నిన్న గడ్డి వేస్తూ హార్మ్‌తో అన్నాడట, ఈసారి తేనెపెట్టెలు తనే తోలుకుపోతానని.

కాబట్టి పూతకు వస్తాడు. నువ్వు కాలు నొప్పి అని పడుకోకు.

ఆల్మా


యోర్క్
మే 4

చెల్లి ఆల్మాకు,

టొన్నీస్ మీ దగ్గరికి క్షేమంగా చేరే ఉంటాడు. చేరితే ఒక్క ముక్క రాయి.

ఇక్కడ జరిగింది అతను చెప్పడు కాబట్టి నేను రాస్తున్నాను. బండి చప్పుడు వినగానే గేటు దగ్గరికి వెళ్ళాను. డీడ్రిక్ అప్పటికే అక్కడున్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు, కలిసి పెట్టెలు దించారు. దిగువ చెక్క దగ్గరికి వచ్చేసరికి టొన్నీస్ ఆగాడు. అక్కడ ఇప్పుడు నా నడుం దాకా కూడా రాని కొత్త మొక్కలు తీగెలకు కట్టి వరసగా ఉన్నాయి. చూశాడు. పెట్టెల మూతులు తూర్పుకు తిప్పాడు.

డీడ్రిక్ వెనక్కి రమ్మని అడిగాడు, నా ముందే, నేను వినాలనే అడిగాడు. టొన్నీస్ మర్యాదగానే చెప్పాడు, “గొర్రెలకు నా గొంతు అలవాటైంది డీడ్రిక్. మళ్ళీ మార్చితే అవి తిండి మానేస్తాయి,” అని. మా వాడు ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళాడని నాకు తెలుసు.

అప్పుడు చెప్పాను. ఏడాది పాటు మనసులో ఎన్నోరకాలుగా అల్లుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. “పంపు నేనే ఆపాను టొన్నీస్,” అన్నాను.

“తెలుసు అమ్మగారూ. గట్టు మీద క్యాన్ ఇంకా వేడిగా ఉంది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

అతను సంచీలోంచి క్యాన్ తీశాడు. గుడ్డ విప్పాడు. శుభ్రంగా తోమి ఉంది, నేనెప్పుడూ అలా తోమలేదు.

“మీరు చెబుతారనుకున్నాను,” అన్నాడు. “ఆ రోజు కాకపోతే మర్నాడు. శనివారం గేటు దాకా అనుకున్నాను.”

నిష్ఠూరంగా అనలేదు ఆల్మా. వాన పడుతుందనుకున్నాను, పడలేదు అన్నట్టు చెప్పాడు. లోపలికి వచ్చి కాఫీ తాగమన్నాను. గొర్రెలు ఈనే వేళ, హార్మ్ ఒక్కడే ఉన్నాడని చెప్పాడు. క్యాన్ నిండా కాఫీ పోసి తెచ్చాను, గేటు దగ్గర నిలబడి తాగాడు, నాకూ మూతలో పోసి ఇచ్చాడు. చేతులు వణకలేదు. క్యాన్ తీసుకుపొమ్మంటే తీసుకోలేదు. మీ అమ్మది కదా అని నా చేతిలో పెట్టాడు.

బండి ఎక్కుతూ చెప్పాడు, మీ అడవి ఆపిల్‌కు ఆరు పుల్లలు అంటు కడితే రెండు చిగురించాయని. ఏ రెండు అని అడిగాను. నవ్వాడు. అదొక్కటే నవ్వు.

నిన్న మళ్ళీ గడ్డమంచు పడింది. డీడ్రిక్ పంపు దగ్గర ఉన్నాడు. నేను కొట్టానికి దూరంగా, కట్ట మీద కుర్చీ వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. కొమ్మలు విరిగినట్టు చప్పుడైంది, కాలవ అడుగంటింది, ఎండ వచ్చింది. కూర్చున్నాను. చివరి మంచు ముక్క జారి పడేదాకా కూర్చున్నాను. తర్వాత డీడ్రిక్ పంపు ఆపాడు.

మీ పల్లంలో ఈ నెలలో కూడా మంచు పడుతుంది. ఆ రెండు చిగుళ్ళకు ఏమవుతుందోనని నాకు ఇప్పటి నుంచే గుండె దడ. దుప్పటి కప్పమని రాద్దామని కలం తీశాను. రాయడం లేదు. నువ్వూ వాటి దగ్గరికి వెళ్ళకు, ఏమీ కప్పకు, నీళ్ళు పొయ్యకు. టొన్నీస్ చూసుకుంటాడు. నాకు భయం వేస్తుంది, వెయ్యనీ.

గేషె